సొన మరక

ఈ సంచికలో మామిడి పేజీలు రాసింది మా సిబ్బంది కాదు. బీఏ విద్యార్థులిద్దరు, స్టైపెండు మీద. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. బీకాం వాళ్లకు ఆడిటర్ ఆఫీసులుంటాయి. చరిత్ర, తెలుగు చదివేవాళ్లను ఎవరు పిలుస్తారు? 1906లో అమెరికాలోని సిన్సినాటిలో చదువుతో పాటు పని నేర్పే పద్ధతి మొదలైందీ ఇంజినీరింగ్ వాళ్లతోనే లెండి.

నూజివీడు తోటలో ఆ ఇద్దరిలో ఒకమ్మాయి రసాల ధర అడగలేదు. కాయను తొడిమతో ఎందుకు కోస్తారని కూలీనడిగింది. సొన కారితే తొక్క మాడి మచ్చపడుతుందట. ఆ మాట రాసుకున్న కాగితం మీదే సొన మరక! ఇన్నేళ్లూ తోటల చుట్టూ తిరిగిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

రెండో నెల స్టైపెండు ఆలస్యం చేశాం. బస్సు ఛార్జీలు వాళ్లే పెట్టుకున్నారు. తప్పు మాదే.