ఆలిచిప్పల వంశ వైవిధ్యము

ఆలిచిప్ప యనగానే మనకు ముత్యము స్ఫురించును. అమెరికా తూర్పుతీర వాసులకు భోజనము స్ఫురించును. వారు భుజించు జాతి వేరు. దానినుండి వెలగల ముత్యము లభింపదు. ఆ చిప్పలను పెంచువారు త్వరగా పెరుగునట్టివియు, రోగమునకు లొంగనట్టివియు నగు కొన్నిటిని మాత్రమే యేరి, వాని సంతానముతోడనే తీరమంతయు నింపినచో లాభమని తలచుట కలదు. ఈ తలంపు సగము మాత్రమే సరియని నా యభిప్రాయము.

పటములో ఫిలడెల్ఫియా నగరమునకు దక్షిణముగా చూచినచో డెలావేరు అఖాతము కన్పట్టును. 1957వ సంవత్సరమున అచ్చట ఏకకణ పరాన్నజీవి యొకటి ప్రబలెను. అది మనుష్యులకు హాని చేయదు గాని, రెండు మూడేండ్లలో అఖాతపు దిగువ క్షేత్రములందలి ఆలిచిప్పలలో నూటికి 90కి పైగా చచ్చెను. రట్గర్సు విశ్వవిద్యాలయమునకు చెందిన హెరాల్డు హాస్కిన్ అను శాస్త్రజ్ఞుడు చావక మిగిలినవానిని గొనివచ్చి, వానినుండి తరతరములుగా పిల్లలను పుట్టించి, రోగమున కోర్చు వంశములను సాధించెను. మిగిలినవానియందు ఆ గుణము ముందుగానే దాగియుండెను. దానిని మనుష్యుడు సృజింపలేదు. 1980 తరువాతి దశకమున ఆ రోగమే మరల విజృంభింపగా, పిమ్మట అఖాతమందలి సహజ సంతతియు చాలవరకు దాని కోర్వ నేర్చెను.

కథ యింతతో ముగియలేదు. 1990వ సంవత్సర ప్రాంతమున డెర్మో యను వేఱొక రోగము అచ్చట వ్యాపించెను. మొదటి రోగమునకై యేరిన గుణము దీనికి రక్ష కాలేదు. రాబోవు రోగ మెట్టిదో తెలియనపుడు ఏ గుణమును వ్యర్థమని పారవేయగలము?

పెంపకపు తొట్లలో చిక్కొకటి గలదు. ఒక్క ఆడు ఆలిచిప్ప కోట్లకొలది గ్రుడ్లు విడువగలదు. కావున అనేకములైన తల్లిదండ్రులను తొట్టిలో నుంచినను, బ్రతికిన పిల్లలలో అధికభాగము వానిలో కొన్నిటికి మాత్రమే చెందినవై యుండుట పరిశోధకులు కనుగొనిరి. లెక్కకు లక్షల పిల్లలు; వంశములు చూడబోయిన నాలుగైదు!

భోజనార్థము పెంచు పొలములలో ఇట్టివి యున్నను నాకంత యాక్షేపణ లేదు. అందు నేడు మూడు వరుసల క్రోమోసోములు గలిగి, దాదాపు గొడ్డుబోతులైన ఆలిచిప్పలను విరివిగా పెంచుచున్నారు. అవి సహజ సంతతితో కలియుట మిక్కిలి యరుదు. నా యాక్షేపణ యెల్లను, క్షీణించిన సహజపు తిట్టలను పునరుద్ధరించు పేరిట తొట్టి పిల్లలను గుమ్మరించుట విషయముననే. అట్టి పనికి ఆ యఖాతపు తల్లిదండ్రులనే, విస్తారముగా, ఏటేట మార్చుచు తీసికొనవలెను. ఒక్కొక్క జంట సంతానమును వేఱుగా పెంచి పిదప కలుపవలెను. ఇందులకు తొట్లును, కూలియు హెచ్చగును. ఆలిచిప్పలు నీటిని వడియగట్టి తేటపరచును, చేపపిల్లలకు నీడనిచ్చును. కావున ఆ వ్యయమును చిప్పలమ్మువారిపైననే మోపక, ప్రభుత్వములును భరించుట న్యాయము.