పేకముక్కకు తన విలువ తెలియాలా?

అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అక్కడి బడులు సీబీఎస్ఈ పరిధిలోనివి. ప్లస్ టూ కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్, ఫైళ్లు, స్టాక్, డేటాబేస్ ఉన్నాయి. సీ++ రోజుల్లో పాఠంగా ఉన్న క్లాస్, ఆబ్జెక్ట్ మాత్రం ఇప్పుడు లేవు. ఆ లోటును ఒక పేక కట్టతో పూడ్చవచ్చని నా అభిప్రాయం. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

క్లాస్ అంటే అచ్చు, ఆబ్జెక్ట్ అంటే ఆ అచ్చులోంచి వచ్చిన వస్తువు. నార్వేకు చెందిన డాల్, నైగార్డ్ 1960లలో సిమ్యులా భాషతో ఈ ఆలోచనకు పునాది వేశారు. పేకముక్క అనే అచ్చుకు రెండే లక్షణాలు చాలు. ఒకటి గుర్తు: ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు. రెండోది ఆసు నుంచి రాజు దాకా 13 హోదాల్లో ఒకటి. నాలుగు పదమూళ్లు 52. కలపడం, పంచడం ముక్క పనులు కావు, కట్ట పనులు. కాబట్టి కట్టకు వేరే క్లాస్ కావాలి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఆసు విలువెంత? బ్లాక్‌జాక్‌లో 1 లేదా 11. రమ్మీ వరుసలో అది రెండుకు ముందూ రావచ్చు, రాజు తర్వాతా రావచ్చు. విలువను ముక్కలోనే రాసేస్తే, ఆట మారిన ప్రతిసారీ ముక్కను విప్పి మళ్లీ కుట్టాలి. విలువ ముక్కది కాదు, ఆట నియమానిది.

రమ్మీకి రెండు కట్టలు కలుపుతాం. అప్పుడు ఇస్పేటు ఏడులు రెండుంటాయి. అవి విలువలో సమానం, కానీ వస్తువులుగా వేర్వేరు. ఒకే సెట్‌లో ఆ రెండూ చెల్లవని చెప్పాలంటే వాటి సమానత్వం తెలియాలి. ఒకటి పారేసినప్పుడు రెండోది చేతిలో మిగలాలంటే వాటి తేడా తెలియాలి. ఇక జోకర్‌కు ఏ గుర్తూ లేదు. దశావతార గంజీఫాలో పది గుర్తులు, 120 ముక్కలు. నాలుగే గుర్తులని గట్టిగా బిగించిన ప్రోగ్రాం అక్కడ చతికిలబడుతుంది.

పిల్లలకు పేకాట నేర్పడమేమిటని పెద్దలు అడగవచ్చు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేల ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. ఆ భయం న్యాయమైనదే. కానీ ఇక్కడ పందెం లేదు, ముక్కల లెక్క మాత్రమే ఉంది. చిన్న ప్రోగ్రాంకు లిస్టు చాలు, క్లాస్ ఎందుకన్న వాదనా నిజమే. అయితే నేర్వాల్సింది క్లాస్ రాయడం కాదు, ఏ సమాచారం ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోవడం.

దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ ఓడల్లో స్థానికులకు ఒక ఛార్జీ, బయటివారికి మరో ఛార్జీ. ఆ ధరను ఎక్కడ రాయాలి? ఓడలోనా, ప్రయాణికుడిలోనా? రెండింట్లోనూ కాదు, ఛార్జీల నియమంలో. అప్పుడు రేపు ధర మారినా ఓడను ముట్టుకోనక్కర్లేదు. ఆసు విలువ ముక్కలో ఉండకూడదని ఒకసారి గ్రహించిన విద్యార్థి ఈ జవాబు తానే చెప్పగలడు. రేపు ఆ టికెట్ల ప్రోగ్రాం రాయాల్సింది కూడా ఆ దీవుల పిల్లలే కావచ్చు. సిలబస్ మారేదాకా ఆగకుండా, ఉపాధ్యాయులు రెండు పీరియడ్లు దీనికి కేటాయిస్తే చాలు.