బొమ్మ కీబోర్డుకి దెయ్యం పట్టింది!

ఈ వారం హీరోగారి కాల్షీట్ల గొడవా, హీరోయిన్ గారి అలకల గొడవా కాస్త పక్కన పెడదాం. నేనే ఒక చిన్న హత్య చేశాను. అది మీ ముందు ఒప్పేసుకుంటే గానీ నా మనసు కుదుటపడేట్టు లేదు.

హతురాలు ఒక బొమ్మ కీబోర్డు. మూడు పెన్సిల్ సెల్సుతో పలికే ప్లాస్టిక్ వస్తువు. హార్మోనియానికున్నట్టే తెల్ల మెట్లు, నల్ల మెట్లు. పక్కన కుక్క, పిల్లి, కోడి బొమ్మలున్న బటన్లు. కుక్కని నొక్కితే "భౌ" అంటుంది. మా మేనకోడలిది. ఉన్నట్టుండి అది మూగబోతే, పాత సామాన్లవాడికి వేసేస్తానంది మా అక్కయ్య. "మావయ్యా, నువ్వు బాగుచెయ్యవూ?" అంది పిల్ల. "ఎంతసేపు! రెండ్రోజుల్లో పాడిస్తా చూడు" అన్నాను. ఎలక్ట్రానిక్స్‌లో నా పాండిత్యమంతా టార్చిలైటులో సెల్సు తిరగబడకుండా వెయ్యడం వరకే!

విప్పి చూస్తే జబ్బు చిన్నదే. స్పీకరుకి వెళ్లే వైరు ఊడింది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎవరినో అడిగి తెచ్చి, రెండుసార్లు వేలు కాల్చుకుని, మూడోసారికి అతికించాను. "భౌ" అంది! ప్రథమ బహుమతి వచ్చినంత సంబరపడ్డాను. అక్కడితో మూత బిగించేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ నా బుర్రలో అప్పటికే ఒక పురుగు దూరి ఉంది. అమెరికాలో సిన్సినాటి అనే ఊళ్లో రీడ్ ఘజాలా అని ఒకాయన. 1966లో, ఇంకా కుర్రాడుగా ఉన్నప్పుడు, మూత ఊడిన చిన్న బొమ్మ ఆంప్లిఫయరు ఒకటి ఆయన బల్ల సొరుగులో పడి ఉంది. లోపల ఏదో ఇనపముక్కకి తగిలి షార్టయి, దానంతటదే వింతవింతగా కూయడం మొదలెట్టింది. ఇంకొకరైతే సెల్లు పీకేసేవారు. ఆయన మాత్రం, "పొరపాటున తగిలితేనే ఇంత పాడిందే, కావాలని తగిలిస్తే ఎంత పాడుతుందో!" అనుకున్నారు. 1992లో ఆ విద్యకి సర్క్యూట్ బెండింగ్ అని ఆయనే పేరు పెట్టారు. బోర్డుని వంచడం కాదు లెండి. బోర్డు మీద కంపెనీవాడు కలపని రెండు చోట్లని మనం ఓ వైరుముక్కతో కలిపి చూడటం.

ఇంకేం! కోఠీలో గుజరాతీ గల్లీకి పరిగెత్తాను. క్రొకడైల్ క్లిప్పుల వైర్లు, ఒక మెగా ఓమ్ పొటెన్షియోమీటరు కొన్నాను. రేడియోలో సౌండు తగ్గించి పెంచే మీట ఉంటుందే, అదే జాతి.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. బొమ్మలో మెదడు ఒక చిప్పు. నల్లటి తారుబొట్టులా బోర్డు మీద అతుక్కుని ఉంటుంది. అది ఎంత వేగంగా నడవాలో పక్కనున్న రెసిస్టరు ఒకటి చెబుతుంది. ఆ రెసిస్టరు ఏదో తెలియాలంటే, బొమ్మ పాడుతుండగా వేలు తడి చేసి ఒక్కొక్క అతుకునే తాకి చూడాలి. ఎక్కడ తాకితే శ్రుతి వణుకుతుందో అదే. మన చర్మం గుండా కూడా కాస్త కరెంటు పారుతుంది కదా! ఆ రెసిస్టరు పీకేసి, ఆ స్థానంలో పొటెన్షియోమీటరు పెడితే చిప్పు పగ్గాలు మన చేతికొస్తాయి. అడ్డు పెరిగితే నడక మందగించి శ్రుతి దిగుతుంది. తగ్గితే కీచుగొంతు. మరీ తగ్గిస్తే చిప్పు తడబడి ఆగిపోతుంది. అందుకే మీటతో పాటు చిన్న రెసిస్టరొకటి వరసలో ఉంచాలి.

రాత్రి పదకొండు గంటలకి మీట తిప్పుతూ కుక్క బటన్ నొక్కాను. 45 రికార్డుని 33లో పెట్టినట్టు "భౌ" కాస్తా సాగి, సాగి, ఘటోత్కచుడి ఆవలింతయింది! పక్కగదిలో మా అమ్మ "ఎవర్రా అది?" అని లేచి కూచుంది. రెండు క్లిప్పులు అక్కడా ఇక్కడా తగిలిస్తే పిల్లీ కోడీ కలిసి ఏ సినిమాలోనూ వినని రాగం ఎత్తుకున్నాయి. సెల్‌ఫోన్లో ఒక నలభై సెకన్లు రికార్డు చేశాను. అదీ స్నేహితుడి దగ్గర గొప్పలు పోవడానికి.

"ఇంకొక్కటి చూద్దాం" అనుకున్నాను. క్లిప్పు జారింది. ఒక కొస సెల్సు ప్లస్ మీద, రెండో కొస చిప్పు పక్కన. చిటపటలు లేవు, మెరుపులు లేవు. కాలిన వాసన కాస్త. తారుబొట్టు వేలు పెట్టలేనంత వేడి. ఆ తర్వాత ఎన్ని సెల్సు మార్చినా నిశ్శబ్దమే.

మర్నాడు అచ్చం అలాంటిదే కొత్తది కొని, "ఇదిగో బాగుచేశా" అందామని కోఠీ దాకా వెళ్లాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎందుకో మనసొప్పలేదు. చచ్చిన బొమ్మనే తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల కుక్క బటన్ రెండుసార్లు నొక్కి చూసింది.

"బాగయ్యాక మళ్లీ ఎందుకు ముట్టుకున్నావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి నాకు 'ఫర్బిడెన్ ప్లానెట్' గుర్తొచ్చింది. 1956లో, మన 'మాయాబజార్'కి ఒక ఏడాది ముందు, హాలీవుడ్‌లో వచ్చిన చిత్రం. సంగీతమంతా ఎలక్ట్రానిక్సే. లూయీ బారన్, బీబీ బారన్ అనే దంపతులు స్వయంగా సర్క్యూట్లు కట్టి, వాటి శక్తికి మించి కరెంటు పంపేవారు. అవి మూలిగి, అరిచి, చివరికి కాలిపోయేవి. కాలిపోయినదాన్ని మళ్లీ అదే గొంతుతో పలికించడం వాళ్ల వల్ల కూడా అయ్యేది కాదు. అందుకే ఆ చావుకేకల్ని ముందే టేపు మీదికి ఎక్కించి, ఆ ముక్కల్ని అతికి సినిమాకి వాడారు. సంగీతకారుల సంఘంతో పేచీ వస్తుందని టైటిల్స్‌లో సంగీతం అన్న మాటే వెయ్యకుండా 'ఎలక్ట్రానిక్ టోనాలిటీస్' అని వేశారు! కానీ ఒక్క తేడా ఉంది. వాళ్లు కాల్చినవి వాళ్లు కట్టుకున్నవే. పరాయి పిల్ల బొమ్మలు కావు.

రెండ్రోజులాగి ఆ నలభై సెకన్లు పిల్లకి వినిపించాను. "ఇది మా కుక్కేనా?" అంది. "ఇంకోసారి పెట్టు" అంది. మొత్తం ఏడుసార్లు పెట్టించుకుంది. తర్వాత రాజీ షరతులు చెప్పింది. రెండు బొమ్మలు కొనాలి. తనది నేను ముట్టుకోకూడదు. నాది మాత్రం తను విప్పుతుంది!

మీలో ఎవరికైనా చేతులు దురద పెడుతుంటే నా మాట వినండి. సెల్సుతో నడిచేదే విప్పండి, గోడ ప్లగ్గు జోలికీ అడాప్టరు జోలికీ పోవద్దు. సెల్సు ప్లస్సూ మైనస్సూ ఉన్న చోట క్లిప్పు పెట్టొద్దు. చిప్పు వేడెక్కితే తక్షణం సెల్సు తీసెయ్యండి. మంచి శబ్దం దొరికిన చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, ముందు రికార్డు చేసుకోండి. అన్నిటికన్నా ముందు, ఆ బొమ్మ ఎవరిదో ఒకసారి చూసుకోండి.

వచ్చే వారం మళ్లీ కాల్షీట్ల గొడవే. ఈ ఆదివారం మాత్రం నాకు పనుంది. మా మేనకోడలు స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తోంది.