కాణిపాకంలో ఒట్టు, మూడో రోజు ఫోను

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఊరు ఐరాల దగ్గరే. పోయిన ఎండాకాలం వాళ్ల నాయన వాణ్ణి బండి మీద కాణిపాకం తీసుకుపోయి, కోనేట్లో ముంచి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబెట్టి, ‘ఇంక ఫోన్లో ఆటలాడను’ అని ప్రమాణం చేయించాడు. మా వైపు ఇది వింతేం కాదు. తాగుడు మానాలన్నా, అప్పు తీర్చేశానని నమ్మించాలన్నా ఆ గుడికే పోతారు.

మూడో రోజు రాత్రి రెండింటికి దుప్పట్లో వెలుగు కనబడిందట.

అక్క నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ‘‘పాల డబ్బులు ఆరు వేలు ఆ ఆటకే పోసినాడురా. దేవుడి ముందర ఒట్టేసి మరీ!’’ బావ ఫోను నేలకేసి కొట్టాడు. పదో తరగతి పాఠాలు వింటాడని ఆ ఫోను కొనిచ్చింది నేనే. కాబట్టి వెళ్లక తప్పలేదు. వాడు రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఫోను పోయిందని అలిగాడనుకున్నా. కొట్టం దగ్గర మెల్లగా అడిగాడు: ‘‘మామా, ఒట్టు తప్పితే దేవుడు మాయమ్మను ఏమన్నా చేస్తాడా? నేను నిజంగానే మానేద్దామనుకుంటిని.’’

వాడు అబద్ధం చెప్పలేదని నాకు అర్థమైంది.

దారి చూపింది మాత్రం అక్క దగ్గరే ఉంటున్న మా అమ్మ. ‘‘ఫోనొచ్చి ఎన్నాళ్లయింది? వాడు ఒకటో తరగతి నించీ ఇంతే. రోజుకో బలపం పోగొట్టేవాడు. ఉప్పు తెమ్మంటే అంగడి దాకా పోయి, ఎందుకొచ్చినానవ్వా అని తిరిగొచ్చేవాడు.’’

మానసిక వైద్యుడూ ఫోను సంగతి తర్వాతే అడిగాడు. ముందు అడిగింది ఈ బలపాల కథలే. పన్నెండేళ్లలోపే లక్షణాలు కనబడి ఉండాలన్నది ఏడీహెచ్‌డీ నిర్ధారణలో ఒక షరతు. మావాడికి అదే అని తేలింది.

వీళ్లకు శ్రద్ధే లేదనుకుంటాం. ఆటలో మూడు గంటలు కదలకుండా కూర్చుంటాడు కదా! శ్రద్ధను కావలసిన చోట నిలపడం, వద్దనుకున్న చోట నించి లాగడం, అదీ కష్టం. ఆట ప్రతి నిమిషం ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. ఫిజిక్సు ఫలితం పరీక్షలయ్యాక గానీ రాదు. ఆ ‘తర్వాత’ వీళ్లకు మరీ దూరం. పొద్దున మనస్ఫూర్తిగా చేసిన నిర్ణయం రాత్రి ఫోను చేతికందగానే నిలవదు. మనమేమో సరిగ్గా అక్కడే ఒట్టు పెట్టించాం.

దక్షిణ తైవాన్‌లో 2,293 మంది ఏడో తరగతి పిల్లల్ని రెండేళ్లు గమనించి 2009లో ఒక అధ్యయనం వేశారు. ఇంటర్నెట్ వ్యసనాన్ని ముందే సూచించిన వాటిలో కుంగుబాటు, కోపంతో పాటు ఏడీహెచ్‌డీ లక్షణాలూ ఉన్నాయి. 2018లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు తిరగేసి చూశారు. లక్షణాల్లేని 2,587 మంది పిల్లల్లో, ఫోన్లూ అవీ ఎక్కువ వాడినవాళ్లకు తర్వాత ఆ లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. అదే కారణమని మాత్రం తేల్చలేదు.

ఇప్పుడు మాత్ర వాడుతున్నాడు. ఇరవై నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు తిరుగుడు. కొత్త ఫోన్లో డబ్బులు కట్టే యాప్‌లు లేవు. రాత్రి తొమ్మిదికి అది అవ్వ ట్రంకుపెట్టెలోకి పోతుంది. ఎవరైనా అడుగుతారని చెబుతున్నా: బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటివాళ్ల కోసం 2014 నించీ ‘షట్’ క్లినిక్ ఉంది. అంతదూరం పోలేనివాళ్లు టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు.

‘‘మా కాలంలో ఇట్లాంటి రోగాలు ఉండెనా?’’ అని బావ ఇప్పటికీ అంటాడు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు 1902లోనే ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడని చెప్పా. లండన్ పిలకాయల సంగతి నాకెందుకన్నాడు.

పోయిన నెల వాడు మళ్లీ జారాడు, రెండు రాత్రులు. ఈసారి తెల్లారగానే తనే వెళ్లి అవ్వకు చెప్పాడు. ఆమె ఏమీ అనకుండా, దిండు కింద ఉండే తాళంచెవి తీసి రొంటిన దోపుకుంది.