పీఆర్ చదువుకు లండన్ ఎందుకు?

పౌర సంబంధాల్లో (పీఆర్) పీజీ చేయాలంటే విదేశం వెళ్లాల్సిందేనన్న మాట ఈమధ్య తెలుగు ఇళ్లలో ఎదురుప్రశ్న లేకుండా చెల్లిపోతోంది. ఇంజినీరింగ్ చదివిన అబ్బాయికి అమెరికా ఎమ్మెస్ ఎలాగో, జర్నలిజమో బీబీఏనో చదివిన అమ్మాయికి లండన్‌లో ఎం.ఏ. పీఆర్ అలాగని కన్సల్టెన్సీలు చెబుతున్నాయి. తల్లిదండ్రులు నమ్ముతున్నారు. ఏడాది చదువు, అంతర్జాతీయ పట్టా, ఆ తర్వాత అక్కడో ఇక్కడో పెద్ద కంపెనీలో కమ్యూనికేషన్స్ ఉద్యోగం అని ఆశ చూపిస్తున్నారు. ఈ ఆశకు ఆధారం చాలా తక్కువ. ఆయా దేశాల వీసా నిబంధనలూ, అంతకంటే ముఖ్యంగా ఈ వృత్తి స్వభావమూ దానికి అడ్డుగా నిలుస్తున్నాయి.

ముందు ఎమ్మెస్‌తో పోలిక సంగతి చూడాలి. అమెరికాలో చదువు ముగించిన విదేశీ విద్యార్థి ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) కింద 12 నెలలు పనిచేయవచ్చు. కంప్యూటర్ సైన్స్ వంటి స్టెమ్ కోర్సులు చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. పబ్లిక్ రిలేషన్స్ స్టెమ్ జాబితాలో లేదు. పక్కింటి అబ్బాయికి మూడేళ్ల గడువు దొరికి, హెచ్‌1బీ లాటరీలో రెండుమూడు సార్లు పేరు వేయించుకునే వీలుంటే, పీఆర్ చదివిన అమ్మాయికి ఉన్నది ఒక్క ఏడాదే. ఇద్దరి ఫీజులూ లక్షల్లోనే, ఇద్దరి అప్పులూ అసలైనవే. అవకాశం మాత్రం ఒకటి కాదు.

బ్రిటన్‌లోనూ తలుపు ఏటికేడాది సన్నబడుతోంది. చదువు తర్వాత రెండేళ్లు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఆపైన ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి సాధారణ జీతం అర్హతను 2025 జులైలో ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచారు. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి సడలింపు ఉన్నా, అదీ 33,400 పౌండ్లు. పీఆర్ ఏజెన్సీలో అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌గా తొలి అడుగు వేసేవారి జీతం సాధారణంగా అంతకు చాలా తక్కువ. ఆ ఉద్యోగం దొరకడమే కష్టం, దొరికినా వీసాకు చాలదు. ఇక ఇంటి దగ్గర అప్పు సంగతి చూస్తే, విద్యారుణం 7.5 లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఇల్లో స్థలమో హామీగా అడుగుతాయి.

ఈ లెక్క కౌన్సెలింగ్ టేబుల్ మీదికి రావడం అరుదు. చాలా బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు తాము చేర్చుకునే విదేశీ విద్యార్థుల తరఫున ఏజెంట్లకు కమీషన్ చెల్లిస్తాయి. కన్సల్టెన్సీ ‘మా సేవ ఉచితం’ అంటున్నదంటే డబ్బు అటునుంచి వస్తోందని ప్రతి తండ్రీ తెలుసుకోవాలి.

వీసా అడ్డంకులే లేవనుకుందాం. అప్పుడైనా ఈ పట్టా అంత అవసరమా? వైద్యుడికి, లాయరుకు ఉన్నట్టు పీఆర్‌కు లైసెన్సు ఉన్న దేశాలు కొద్ది. బ్రెజిల్ 1967లోనే చట్టం చేసింది. భారత్, బ్రిటన్, అమెరికాల్లో అలాంటిది లేదు, ఫలానా డిగ్రీ ఉంటేనే ఈ వృత్తిలోకి రావాలన్న నియమమూ లేదు. ఆధునిక పీఆర్‌కు ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ పత్రికా విలేకరిగా పనిచేసి ఇటు వచ్చాడు. 1923లో న్యూయార్క్ యూనివర్సిటీలో పీఆర్ పాఠం చెప్పిన ఎడ్వర్డ్ బెర్నేస్ కార్నెల్‌లో చదివింది వ్యవసాయశాస్త్రం. మన దగ్గర సినిమా పీఆర్వో అనగానే గుర్తొచ్చే దివంగత బి.ఎ.రాజు సూపర్‌స్టార్ కృష్ణ దగ్గర పని మొదలుపెట్టి, సినిమా జర్నలిజంలో రాటుదేలి, సొంతంగా ‘సూపర్‌హిట్’ పత్రిక నడిపాడు. పరిశ్రమ ఆయనను నమ్మింది ఆయనకున్న పరిచయాలు, మాట నిలబెట్టుకునే తీరు చూసి.

ఈ పని రోజువారీగా ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. క్లయింటు ఇంగ్లిష్‌లో ప్రెస్‌నోట్ పంపుతాడు. దాన్ని మక్కీకి మక్కీ తెలుగులోకి దించితే డెస్కులో సబ్ ఎడిటర్ రెండో వాక్యం దగ్గరే పక్కన పెట్టేస్తాడు. ఛైర్మన్ పేరు, ఆయన హోదాలు కిందికి దించాలి. ఫ్యాక్టరీ వల్ల ఆ ఊళ్లో ఎంతమందికి పని దొరుకుతుందో మొదటి వాక్యంలోకి రావాలి. వరంగల్‌కు ఒక లీడ్, కర్నూలుకు ఇంకో లీడ్ రాయాలి. జిల్లా పేజీలు ముందే కడతారు గనుక ఫొటో, దాని కింది రైటప్ వేళకు అందాలి. ఏ విలేకరికి వాట్సాప్ చాలు, ఎవరికి ఫోన్ చేసి వివరించాలి, ఎవరు ప్రెస్‌మీట్‌లో చిక్కు ప్రశ్న వేస్తారు అన్నవి తెలియాలి. ‘ఈనాడు’ 1989లో జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక తెలుగు వార్త మండలం దాకా దిగిపోయింది. ఆ వ్యవస్థను లండన్ తరగతి గది నేర్పలేదు. నేర్పాల్సిన బాధ్యతా దానికి లేదు.

సంక్షోభం వచ్చినప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికే వస్తుంది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3.1 కోట్ల సీసాలను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది. పీఆర్ తరగతుల్లో ఇప్పటికీ వల్లెవేయించే పాఠం అది. మంచి పాఠమే. కానీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడినప్పుడు ఎదురైన ప్రశ్నలు వేరు. 12 మంది ప్రాణాలు పోయాయి. సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్నవారిని లేపి, ముఖానికి తడిగుడ్డ కట్టుకోండి, ఫలానా దారిన వెళ్లండి అని నాలుగు తెలుగు వాక్యాలు మైకులో చెప్పాల్సిన సందర్భం అది. ఆ రాత్రి మళ్లీ గ్యాస్ వస్తోందన్న మాట పాకి, చుట్టుపక్కల జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీద పడ్డారు. వాళ్లు ఎవరి మాట నమ్ముతారు, స్థానిక నాయకుడిదా, పోలీసుదా, టీవీ యాంకర్‌దా, కంపెనీదా? ఫ్యాక్టరీ గోడ పక్క ఊరితో ఏళ్ల తరబడి మాట్లాడినవారికే జవాబు తెలుస్తుంది. నిజమైన పీఆర్ శిక్షణ అదే.

మ్యాగీ సంగతీ అంతే. 2015 జూన్‌లో నిషేధం పడ్డాక నెస్లే తన విదేశీ ఎండీని మార్చి, ఫిలిప్పీన్స్‌లో ఉన్న సురేశ్ నారాయణన్‌ను పిలిపించి భారత విభాగం అప్పగించింది. అంతర్జాతీయ అనుభవం ఆయనకూ ఉంది. అయితే కంపెనీ వెతికింది ఈ దేశపు వినియోగదారుడి మనసు తెలిసిన మనిషిని.

విదేశీ చదువు వల్ల ఉపయోగమే లేదనడం అన్యాయం. పరిశోధన చేయాలనుకునేవారికి, బహుళజాతి సంస్థల్లో పదేళ్లు పనిచేసి పై మెట్టు ఎక్కాలనుకునేవారికి అది నిజంగా పనికొస్తుంది. అభ్యంతరం డిగ్రీ అయిన వెంటనే, ఒక్క ప్రెస్‌నోట్ కూడా రాయని పిల్లల్ని అప్పుమీద పంపడం గురించే. బ్రిటన్ ప్రభుత్వమే ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు కనీసం 2,800 గంటల పని అనుభవం ఉండాలి, అంటే దాదాపు రెండేళ్ల ఉద్యోగం. చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లాలి కూడా. తన డబ్బు పెట్టేటప్పుడు ఆ దేశం అడిగే అర్హతను, సొంత డబ్బు పెట్టే తెలుగు కుటుంబం ఎందుకు అడగదు?

ఇక్కడ చదువు లేదన్న వాదనా నిలవదు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. ఢిల్లీలోని ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) 1965లో పుట్టింది. అడ్వర్టయిజింగ్, పీఆర్‌లో అది ఇచ్చే డిప్లొమాకు పరిశ్రమలో గుర్తింపు ఉంది. పీఆర్ విద్యార్థుల చేతుల్లో కనిపించే పాఠ్యగ్రంథం ఒకటి హైదరాబాద్‌కు చెందిన సి.వి.నరసింహారెడ్డి రాసిందే. లోపాలు లేవని కాదు. మన విశ్వవిద్యాలయాలు టైలెనాల్ పక్కన ఎల్జీ పాలిమర్స్‌ను పాఠంగా పెట్టాలి, తెలుగులో రాయడం మీద మార్కులు వేయాలి, విద్యార్థుల్ని జిల్లా పౌర సంబంధాల అధికారి (డీపీఆర్వో) కార్యాలయాలకు, పత్రికల డెస్కులకు పంపాలి.

ఈ ఏడాది ఆఫర్ లెటర్ చేతికొచ్చిన కుటుంబాలు రుణపత్రాల మీద సంతకం చేసే ముందు అడ్మిషన్ వాయిదా వేయడానికి వీలుందేమో విశ్వవిద్యాలయానికే ఒక మెయిల్ రాసి కనుక్కోవాలి. ఆ గడువులో పిల్లల్ని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఏజెన్సీలో, పత్రికలో పనికి పెట్టాలి. ఏడాది తిరిగాక కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు పంపండి.