క్యాన్సర్‌కు నానో మందు: ఆశ ఎంత, జాగ్రత్త ఎంత?

"మామూలు కీమో ఉంది, నానో కీమో ఉంది. నానోకి ఖర్చెక్కువ. ఏది పెట్టమంటారు?" క్యాన్సర్ వార్డు బయట ఈ మాట విన్న కుటుంబానికి ఆలోచించుకునే వ్యవధి పెద్దగా ఉండదు. బెంగళూరైనా, చెన్నైయైనా, కటక్ అయినా, ముంబై అయినా ఆ మాట మనకు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో, సగం ఇంగ్లీషు కలిపి వస్తుంది. దాన్ని పెద్దావిడకు తెలుగులో చెప్పే పని మనవడి మీద పడుతుంది. "కొత్త మందంట అమ్మమ్మా, చాలా మంచిదంట" అని అతను ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఆ ఒక్క ముక్క మీదే నగలు తాకట్టుకు వెళ్లే ఇళ్లు ఉన్నాయి. అందుకే ఆ మాట వెనకున్న సంగతిని కాస్త వివరంగా చూద్దాం.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారిన పడ్డారు, 9 లక్షల మందికి పైగా చనిపోయారు. మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, మొదటి ఏడాది 200 వస్తాయని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. అంటే కీమో ఇకపై మహానగరాలకే పరిమితం కాదు, జిల్లాలకూ వస్తుంది. ఇది మంచిదే. అయితే మందుల పేర్లు, మోతాదులు, తేడాలు తెలుసుకోవాల్సిన బాధ్యత కూడా దానితో పాటే మన ఇంటికి వస్తుంది.

కొత్తది మందు కాదు, మోసుకెళ్లే తీరు

నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్లో వంతు. తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. క్యాన్సర్‌లో వాడే నానో మందుల రేణువులు ఎక్కువగా 100 నానోమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. ఈ పద్ధతి మనకు పూర్తిగా తెలియనిదేమీ కాదు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం ఊరూరా వెతికిన లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ ఇలాంటిదే. పాత మందునే సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చారు.

క్యాన్సర్‌లోనూ ఇదే కథ. 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డాక్సిల్‌ను ఆమోదించింది. అందులోని మందు ఎప్పటినుంచో వాడుతున్న ఎర్ర రంగు డాక్సోరూబిసినే. దాన్ని కొవ్వు బుడగల్లో బంధించారు. 2005లో అబ్రాక్సేన్ వచ్చింది. అందులో ఉన్నదీ పాత పాక్లిటాక్సెలే, కాకపోతే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అంటించి ఇస్తారు. మామూలు పాక్లిటాక్సెల్‌ను కరిగించే ద్రవం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. ఆల్బుమిన్ రకానికి ఆ ద్రవం అక్కర్లేదు.

దీని వెనకున్న ఆలోచన సులువైనదే. క్యాన్సర్ గడ్డ తొందరగా పెరగడంతో దాని రక్తనాళాలకు సందులు ఉంటాయి. మంచి నాళాల నుంచి బయటకు రాలేని రేణువులు ఆ సందుల్లోంచి గడ్డలోకి జారి అక్కడే నిలిచిపోతాయి. జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా 1986లో దీన్ని చూపించారు. మందు గడ్డకే చేరుతుంది, ఒంటికి హాని తగ్గుతుంది అన్న ఆశ అక్కడి నుంచే పుట్టింది.

ఆశకూ లెక్కకూ మధ్య

ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. టొరంటో విశ్వవిద్యాలయం బృందం పదేళ్ల పరిశోధనలను కలిపి చూసి 2016లో ఒక లెక్క ప్రచురించింది. ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. ఇవి జంతువుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు. మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. నేరుగా గడ్డకే వెళ్లి తాకుతుందని ఎవరైనా చెబితే ఈ అంకె గుర్తు పెట్టుకోవాలి.

మరి మనుషుల్లో ఏమైంది? వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 509 మంది స్త్రీలలో కొందరికి మామూలు డాక్సోరూబిసిన్, కొందరికి లైపోజోమ్ రకం ఇచ్చి పోల్చారు. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. బతికిన కాలం దాదాపు సమానం: ఒక వర్గానికి 22 నెలలు, మరో వర్గానికి 21. కానీ గుండెకు జరిగే హాని లైపోజోమ్ రకంలో చాలా తగ్గింది. అదే సమయంలో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండటం, చర్మం ఊడటం పెరిగింది. అంటే మందు బలం పెరగలేదు, బాధ చోటు మారింది. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఆ మార్పు ఎంతో విలువైనది. చేతులతో పని చేసుకుని బతికే మనిషి మాత్రం దాని గురించి ముందే ఆలోచించుకోవాలి.

ఆల్బుమిన్ రకం పాక్లిటాక్సెల్‌కు మరింత గట్టి ఆధారం ఉంది. వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో గడ్డ తగ్గినవారు మామూలు మందుతో 19 శాతం, దీనితో 33 శాతం. అయితే నరాలు తీవ్రంగా మొద్దుబారడం 2 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. వ్యాపించిన క్లోమ క్యాన్సర్‌లో మరో మందుకు దీన్ని జత చేస్తే మధ్యస్థ ఆయుష్షు 6.7 నెలల నుంచి 8.5 నెలలకు పెరిగిందని 2013లో తేలింది. దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలలు కొందరికి కూతురి పెళ్లి చూసే సమయం. మరికొందరు అప్పు చేసి ఆస్పత్రిలో గడిపే కన్నా ఇంటి దగ్గర ఉండటమే మేలనుకుంటారు. ఎవరి నిర్ణయాన్నీ తప్పుపట్టడానికి లేదు. కానీ వాళ్లు లెక్క తెలిసి నిర్ణయించుకోవాలి.

పేరు సగం రాస్తే ప్రమాదం

మన కుటుంబాలు మరీ జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. చికిత్స ఒక ఊళ్లో మొదలై మరో ఊళ్లో కొనసాగే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ముంబైలో రెండు సైకిళ్లు, తర్వాత సోలాపూర్‌లో. చెన్నైలో మొదలుపెట్టి హోసూరులో. యానాం వాళ్లకైతే పుదుచ్చేరి వందల కిలోమీటర్ల దూరం, కాకినాడ పక్కనే.

మామూలు మందు, దాని నానో రకం ఒకదానికి బదులు ఒకటి పెట్టదగినవి కావు. మోతాదులే వేరు. రొమ్ము క్యాన్సర్‌కు మూడు వారాలకోసారి ఇచ్చే మామూలు పాక్లిటాక్సెల్ సాధారణంగా ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు. ఆల్బుమిన్ రకం 260. డాక్సోరూబిసిన్ ఒక్కటే ఇచ్చేటప్పుడు 60 నుంచి 75 మిల్లీగ్రాములు మూడు వారాలకు, లైపోజోమ్ రకమైతే అండాశయ క్యాన్సర్‌లో 50 మిల్లీగ్రాములు నాలుగు వారాలకు. కాగితం మీద ఉత్త ‘పాక్లిటాక్సెల్’ అని రాసి ఉంటే రెండో ఊళ్లో పొరపాటు జరగడానికి ఆస్కారం ఉంది. డిశ్చార్జి కాగితంలో మందు పూర్తి పేరు, రకం, మోతాదు, ఇచ్చిన తేదీలు ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఆస్పత్రి గడప దాటాలి.

ఖర్చు విషయంలో ఒక మంచి మాట. ఈ మందులు విదేశాల నుంచే రావాలని లేదు. 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత వస్తే అక్కడి ప్రభుత్వమే మన దేశపు సన్ ఫార్మా తయారుచేసిన లైపోడాక్స్ దిగుమతికి అనుమతించింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ జనరిక్‌ను ఆమోదించింది కూడా. ఇతర కంపెనీ మందు చవకగా ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కాకపోతే నానో మందును అచ్చుగుద్దినట్టు తయారుచేయడం మామూలు మాత్ర తయారుచేసినంత తేలిక కాదు. రేణువు పరిమాణం, పూత మారితే ఒంట్లో దాని నడకే మారుతుంది. అందుకే నానో ఔషధాలను ఎలా పరీక్షించాలో చెప్పే మార్గదర్శకాలను కేంద్రం 2019లో విడిగా తెచ్చింది. ఏ కంపెనీ మందుకు మార్చాలన్నా అది డాక్టరు నిర్ణయమే కావాలి.

‘నానో పసుపు’, ‘నానో బంగారం’ పేరుతో ఫోన్లలో తిరిగే ప్రకటనల సంగతి వేరు. అవి క్యాన్సర్‌ను నయం చేస్తాయని ఆమోదం పొందిన మందులు కావు. వాటిని నమ్మి కీమో మధ్యలో ఆపితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

మన భాషలో అడిగే హక్కు

కొత్త నానో మందును ఇంకా పరీక్షిస్తున్న దశలో ‘ట్రయల్‌లో చేరతారా’ అని అడగవచ్చు. అందులో తప్పేమీ లేదు. ఈ రోజు వాడుతున్న మందులన్నీ అలా వచ్చినవే. కానీ 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో, సామాన్యమైన మాటల్లో చెప్పి తీరాలి. చదవలేని వారికి నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం రావాలి.

మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివింది వేరే లిపి. అందుకే కాగితం ఏ లిపిలో ఇచ్చినా, నోటిమాటగా తెలుగులో వివరించమని అడగాలి. తెలుగు వచ్చిన నర్సో, సామాజిక కార్యకర్తో ఆ ఆస్పత్రిలో ఉన్నారేమో కనుక్కోవాలి. మన సంఘాలు పండగలకు హాలు బుక్ చేసినంత శ్రద్ధగా, ఆస్పత్రిలో తోడు నిలిచి మాట చెప్పగలిగే నలుగురి ఫోన్ నంబర్లు రాసిపెట్టుకుంటే ఎన్నో ఇళ్లకు మేలు చేసినట్టే.

డాక్టరును అడగాల్సినవి నాలుగే. మా రోగికి ఉన్న ఈ క్యాన్సర్‌లో, ఈ దశలో, మామూలు మందు కన్నా ఇది ఎంత ఎక్కువ మేలు చేస్తుంది? ఏ బాధ తగ్గిస్తుంది, ఏ బాధ తెస్తుంది? అన్ని సైకిళ్లకూ కలిపి ఖర్చెంత? మామూలు మందే తీసుకుంటే మేం పోగొట్టుకునేదేమిటి?

ఈ నాలుగింటికీ జవాబులు తెచ్చుకుంటే మనవడు చెప్పే మాటా మారుతుంది. "అమ్మమ్మా, ఈ మందు నీ గుండెకు కాస్త నయమంట. అరచేతులు మండొచ్చంట. ఖర్చు ఇంతవుతుంది. నీకేమనిపిస్తోంది?" అని అడుగుతాడు. ఆ తర్వాతి మాట ఆమెది.