రేవునకు గడప

మెరీనా యనగనే తెలుగువారికి చెన్నపట్టణపు ఇసుకతీరము జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లీషు చానెలులోని గెర్న్సీ ద్వీపమున ఆ మాటకు అర్థము వేఱు. అచట మెరీనా యనగా విహారనౌకలు కట్టుకొను చిన్న రేవు. ముఖ్యపట్టణమగు సెయింట్ పీటర్ పోర్టులో అతిథి నౌకలకై విక్టోరియా మెరీనా కలదు. దాని వాకిట నీటియడుగున నొక గడప కట్టబడియున్నది. ఆటువేళ సముద్రము దిగిపోయినను లోపలి నీరు ఆ గడపవలన నిలుచును. పడవలు బురదలో ఒరగక తేలుచుండును.

మేలెంతయో చిక్కును అంతయే. విశాఖ తీరమున ఆటుపోట్లకు నడుమ భేదము రెండు మీటర్లకు లోపే. గెర్న్సీలో అమావాస్యా పూర్ణిమల తరువాత వచ్చు మిక్కిలి పెద్ద పోటులకు అది 9 మీటర్లు దాటును, మూడంతస్తుల మేడయంత! అట్లాంటిక్ పోటు ఫ్రాన్సు తీరపు మూలలో చిక్కి, కొటెంటిన్ ద్వీపకల్పమునకు తగిలి పైకి లేచుటయే ఇందులకు కారణము. 1855 మొదలు 1870 వఱకు ఇచట ప్రవాసముండిన విక్టర్ హ్యూగో, తన సాగర నవలలో కథానాయకుని రాతిపీఠముపై కూర్చుండబెట్టి, మెల్లగా లేచు పోటునకే అప్పగించెను.

బడిపుస్తకములు చంద్రుని ఆకర్షణను చెప్పి ఊరకుండును. విద్యార్థి ఆ నిర్వచనమును వల్లించి మార్కులు తెచ్చుకొనును. నావికునకు అది చాలదు. గడప సముద్రపటపు ప్రమాణమట్టమునకు సుమారు 4.2 మీటర్ల ఎత్తున నున్నది. పట్టికలో నీటి ఎత్తు 6 మీటర్లని యున్నవేళ గడపపై నీరు 1.8 మీటర్లు. పడవ 1.6 మీటర్లు మునుగునదైనచో మిగులునది జానెడైన లేదు. ఒక్క అల లేచి పడిన చాలును, అడుగు గడపకు తగులును. అయిదవ తరగతి తీసివేత యిది. ఉపాధ్యాయుడు పోటుపాఠమును దీనితో ఆరంభించుట మేలు. చంద్రుడు తరువాత రావచ్చును.

ఉపగ్రహముల సాయమున దారి చూపు యంత్రములుండగా ఈ లెక్కలేలయని కొందరందురు. యంత్రము లెక్క కట్టును, నిజమే. ఓపిక నీయదు. షెర్బూర్గ్ నుండి గెర్న్సీకి వచ్చు దారిలో ఆల్డర్నీ రేస్ అను జలసంధి కలదు. పెద్ద పోటుల నాళ్ళలో అచటి ప్రవాహవేగము 8 నాట్ల వఱకు పోవును. తెరచాప పడవ సాధారణ వేగము 5, 6 నాట్లు. ప్రవాహమెదురైనచో పడవ నీటిని చీల్చుకొని ముందునకు పోవుచున్నట్లే తోచును. తీరపుకొండ మాత్రము ముందునకు జరుగుచుండును! గాలి కూడ ప్రవాహమునకు ఎదురు వీచినచో అలలు గోడలవలె నిలుచును. ఇది యెఱిగినవారును బయలుదేరుదురు; ఏలన, సోమవారమున ఉద్యోగమునకు పోవలెను.

ఈ తొందర క్రొత్తది కాదు. 1899 మార్చి 30న ఈస్టరు సెలవుల ప్రయాణికులతో సౌతాంప్టన్ నుండి గెర్న్సీకి వచ్చుచున్న స్టెల్లా యను ఆవిరియోడ, దట్టమైన పొగమంచులో వేగముగా సాగి, ఆల్డర్నీకి పడమటనున్న కాస్కెట్స్ రాళ్ళకు కొట్టుకొని నిమిషములలో మునిగెను. డెబ్బదిమందికి పైగా మరణించిరి.

ఆలస్యముగా చేరిన పడవ నేడును గడప వెలుపలనే కట్టుకొని, తరువాతి పోటుకై గంటల తరబడి వేచియుండును. లోపలి దీపములు దానికి కనబడుచునే యుండును.